ఎర్ర బొత్తానికి కాజా లేదు

చిరంజీవి పెద్దోడికి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ నాన్నా క్షేమం. ఈ మాట ఎనిమిది నెలలుగా ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను. కానీ చెయ్యి అలవాటుకొద్దీ రాసిందే తప్ప నేను రాసింది కాదు. ఇవాళ నేనే రాస్తున్నాను. క్షేమంగానే ఉన్నాం నాన్నా. నువ్వూ అక్కడ వేళకి తింటున్నావనీ, వెల్డింగు చేసేటప్పుడు కళ్లకి నల్లద్దం పెట్టుకుంటున్నావనీ తలుస్తాను.

ముందు అసలు సంగతి చెప్పేస్తాను, లేకపోతే నీ ప్రాణం నిలవదు. చెల్లి టేపు బాగుంది. చెల్లి గొంతు అందులో ఉంది. నిన్న విన్నాం. నువ్వు మూడు ఉత్తరాల్లో అడిగినదానికి జవాబు దొరికింది. చెల్లి నీ మీద కోపంతో పోలేదు. ఈ ముక్క ఇంకోసారి చదువుకో. చదువుకుని గ్లాసుడు మంచినీళ్లు తాగి రా, తర్వాత మిగతాది చదువుదువుగాని. ఉత్తరం పెద్దది. టైలరు షాపుకి సెలవు పెట్టి మరీ కూర్చున్నాను. నా తప్పు ఒకటి చివర్లో ఉంది. అది ముందే చెబితే మిగతాదేదీ నీ తలకెక్కదు, అందుకని వెనక్కి నెట్టాను. నీకు ఆఖరి పేజీ ముందు చదివే దురలవాటుంది. ఈ ఒక్కసారికి మానుకో.

నువ్వు అడిగినవి అడిగినట్టు చెప్పుకొస్తాను. మీ నాన్న మోకాలు అలాగే ఉంది. మెట్లెక్కేటప్పుడు మోకాలు మూలుగుతుంది, దిగేటప్పుడు ఆయన మూలుగుతారు, వంతులేసుకున్నారు. గోడౌన్ కాపలా పని మానెయ్యమంటే, ఇంట్లో కూర్చుంటే నువ్వు నన్ను కాపలా కాస్తావు, దానికంటే ఇదే నయం అంటారు. వంటింటి కుళాయి బాగుచేయించాం. కారడం మానేసి ఇప్పుడు ఈలేస్తోంది. నా కళ్లు బాగానే ఉన్నాయి, సూదిలో దారం రెండోసారికి ఎక్కుతోంది. చెల్లి మంచం తీశారా అని అడిగావు. తియ్యలేదు. దుప్పటి మాత్రం ఉతికాను. అయిదు నెలలు ఉతకలేదు, ఆ తర్వాత ఒకరోజు మీ నాన్నే బకెట్లో నానబెట్టేశారు. ఆరేశాక ఇద్దరం చెరో కొసా పట్టుకుని మడతపెట్టాం.

ఇక టేపు సంగతి. నీకు సగం తెలిసినా మొదట్నుంచీ చెబుతాను, నాకు వరస తప్పితే మాట తప్పుతుంది.

నువ్వు పనిలో చేరిన కొత్తలో చెల్లికి తెచ్చిచ్చిన ఆ చేతి టేపురికార్డరు ఉంది చూడు, పాటలు వినడానికీ, మాట్లాడితే ఎక్కించుకోడానికీ పనికొచ్చేది, జబ్బు ముదిరాక అదెప్పుడూ దాని దిండు పక్కనే ఉండేది. ఆఖరి నెలలో తలుపు దగ్గరికేసుకుని అందులో నీకోసం ఏదో మాట్లాడింది. అన్నయ్యకి పంపిద్దువుగాని, ఇంకా అవలేదు అనేది. అవకుండానే చెల్లి పోయింది. నీకు సెలవు దొరికి నువ్వొచ్చేసరికి అంతా అయిపోయింది. తిరిగి వెళ్లాక నువ్వు రాశావు, అమ్మా, చెల్లి నాకు రాసిన ఆఖరి కార్డులో ఒకే ఒక్క ముక్క ఉంది, ‘ఇక నీకు రాయను’ అని, నేను రాలేదని కోపంతోనే పోయిందా, ఆ టేపులో ఏముందో విని చెప్పు అని.

ఆ కార్డు సంగతి నువ్వు రాసేదాకా నాకు తెలీదు నాన్నా. చెల్లి దాన్ని మీ నాన్న చేతికిచ్చి పోస్టు చేయించింది. దాని వేళ్లు వాచి కలం పట్టుకోలేకపోయేదని నాకు తెలుసు. నువ్వు రావట్లేదని దానికి ఒళ్లు మండిందనీ తెలుసు. ఆ ముక్క రాసింది వేళ్లో, కోపమో నేనెలా చెప్పను? ఉత్తుత్తి మాటలు చెప్పి నిన్ను ఊరుకోబెడదామంటే, అది నా కూతురు, దాని నోట్లో నా మాట పెట్టలేకపోయాను. అందుకే టేపురికార్డరు పాడైందని ఒకసారి, బాగుచేసేవాడు ఊళ్లో లేడని ఒకసారి, మూడోసారి అసలు దాని ఊసే ఎత్తకుండా నాలుగు పేజీలూ వానల గురించి రాశాను. వాన మీద అన్ని పేజీలు రాసినప్పుడే నీకు అనుమానం వచ్చుండాలి. వచ్చింది కూడా. ‘అమ్మా, ఏదో ఒకటి చెప్పు, లేకపోతే చెప్పనని చెప్పు’ అని రాశావు. అది చదివాక ఇంక దాచడం నా వల్ల కాలేదు. డబ్బాలోంచి టేపురికార్డరు తీసి చేతిసంచిలో వేసుకున్నాను.

మన వెనక వీధిలో తాళంచెవులు చేసేవాడి పక్కన, మెట్ల కింద ఒక రేడియో మెకానిక్ ఉన్నాడు. అందరూ అతన్ని భూతద్దం అంటారు. ఒక కంటికి ఎప్పుడూ గడియారాలు బాగుచేసేవాళ్ల అద్దం బిగించుకునుంటాడు. మనిషితో మాట్లాడేటప్పుడు కూడా అది తియ్యడం మర్చిపోతాడు. ఒక కన్ను మామూలుగా, ఒక కన్ను నిమ్మకాయంత అయి మనల్నే చూస్తుంటే ఏ అబద్ధమూ ఆడబుద్ధి కాదు. కొట్టు ఎంతుంటుందంటే, అతను లోపల కూర్చుంటే అతని నీడ బయట నిలబడాలి.

“ఇదాగి ఎంతకాలమైందక్కా?” అన్నాడు.

“అయిదు నెలలు.”

“లోపల బ్యాటరీలు తియ్యలేదేం?”

“తియ్యాలని తెలీదు తమ్ముడూ.”

“తెలీనివాళ్లూ తియ్యరు, తెలిసినవాళ్లూ తియ్యరు. ఇంక తెలుసుకుని ఏం లాభం,” అని మూత తీశాడు. బ్యాటరీలు కారిపోయి స్ప్రింగులన్నిటికీ పచ్చగా పాచి పట్టింది. నిమ్మరసంలో గుడ్డ ముంచి తుడిచాడు, గరుకు కాగితంతో రుద్దాడు. ఆవగింజలంత స్క్రూలు అయిదు విప్పి వరసగా అయస్కాంతం మీద అంటించాడు. వెనక డిప్ప ఊడొచ్చింది. లోపల చక్రాల చుట్టూ నల్లగా జిగురు.

“ఇదేంటి?”

“బెల్టు. మోటారు తిరిగితే ఆ తిరుగుడు చక్రాలకి అందించే రబ్బరు బెల్టు ఇది.”

“ఇది బెల్టా?”

“ఒకప్పుడు. సగం తెగింది, సగం కరిగింది. అచ్చు నా పళ్లలాగే.”

స్పిరిట్లో దూది తడిపి ఆ జిగురంతా తుడిచాడు. టేపు రాసుకుంటూ పోయే ఆ చిన్న ఇనుప ముక్కనీ, దాని పక్కన ఒత్తిపట్టుకునే నల్ల రబ్బరు చక్రాన్నీ కూడా తుడిచాడు. రబ్బరు చక్రానికి టేపు రెండు చుట్లు చుట్టుకుపోయి ఉంది. నా సూదిపెట్టెలోంచి మొద్దుసూది తీసిచ్చాను. దానితో ఒక్కో చుట్టూ విప్పాడు, జడ చిక్కు తీసినట్టు. కొంచెం నలిగింది గానీ తెగలేదు.

కొత్త బెల్టు దగ్గర చిక్కొచ్చింది. ఆ రకం ఇప్పుడు రాదట. అతని దగ్గర డబ్బానిండా బెల్టులున్నాయి, ఏది సరిపోతుందో కొలుద్దామంటే పాతది జిగురైపోయింది. అప్పుడు నేను దారం తీశాను. “అది ఏ దారిన పోతుందో చూపించు,” అంటే, మోటారు కప్పీ, పెద్ద చక్రం, ఇంకో చిన్న చక్రం వేలుపెట్టి చూపించాడు. దారాన్ని వాటి చుట్టూ తిప్పి, కలిసినచోట ముడేసి తీశాను.

“ఇంతే ఉండకూడదక్కా, కాస్త...”

“తగ్గాలి. నాకు తెలుసులే. లాగూ నడుముకి ఎలాస్టిక్ నడుమంతా కొయ్యం. పది పాళ్లలో ఒక పాలు తగ్గిస్తాం. లేకపోతే లాగూ ఉండదు, మర్యాదా ఉండదు.”

ఆ నిమ్మకాయ కన్ను నా మీద కాసేపు నిలబడింది. “ఇన్నాళ్లూ ఎక్కడున్నావక్కా నువ్వు?”

“పక్క వీధిలోనే. కాజాలు కుడుతూ.”

దారం పెట్టి చూసి ఒక బెల్టు ఏరాడు. సరిగ్గా కూర్చుంది. కానీ టేపు సంగతి ఇప్పుడే చెప్పలేను, నలిగినచోట సరిచేసి కొత్త డబ్బీలోకి మార్చాలి, రెండు రోజులాగు, చూసి కబురు చేస్తాను అన్నాడు. సరేనని వచ్చేశాను.

మూడో రోజు నేను షాపు నుంచి వచ్చేసరికి తలుపు కింద చీటీ ఉంది. నేను చదివే తీరు నీకు తెలుసు, ఒక్కో అక్షరం మీద వేలు ఆనించి, అక్షరం లేచాక పక్కదానికి వెళ్తాను. అలాగే చదివాను. ‘టేపు పాడలేదు. వచ్చి తీసుకెళ్లు అక్కా.’

పాడలేదట. అంటే లోపల ఏమీ లేదు. పలకలేదు. ఆ గడపలోనే కూలబడ్డాను. మీ నాన్న వచ్చి ఏమైందే అంటే నడుం పట్టేసిందన్నాను. చీటీని సూదిపెట్టెలో అడుక్కి పెట్టేశాను.

ఆరు రోజులు ఆ వీధి మొహం చూడలేదు నాన్నా. షాపుకి చుట్టు తిరిగి వెళ్లాను. మనిషిని షాపులో ఉన్నానే గానీ మనసు లేదు. ఆరు మగ చొక్కాలకి కాజాలు ఆడవాళ్ల చొక్కాలకి తీసినట్టు అటుది ఇటు తీసేశాను. మాస్టరు చూసి నెత్తి కొట్టుకున్నాడు. “ఇంక ఈ ఆరుగురికీ పెళ్లాల చొక్కాలని చెప్పి తొడగాలి. ఏమ్మా, కాజాలకి కాటుక పెట్టమంటావా?” అన్నాడు. మామూలప్పుడైతే నేనూ ఒకటి అంటించేదాన్ని. ఆ రోజు తల దించుకుని విప్పి కుట్టాను. మూసిన కాజా మచ్చ పోదు, తెలుసా? ఎంత సన్నగా కుట్టినా తెలుస్తుంది.

నిన్న పొద్దున పది గంటలకి, షాపు గుమ్మంలో భూతద్దం. కంటికి అద్దంతోనే వచ్చేశాడు, దారిలో ఎన్ని స్తంభాలకి గుద్దుకున్నాడో.

“ఏమక్కా, నీకు కూతురి గొంతు వినాలని లేదా? వారమైంది, నా బల్ల మీద పెట్టుకు కూర్చున్నా. కొట్లోకి ఎవడొచ్చినా దాని మీదే చెయ్యేస్తున్నాడు.”

“పాడలేదని నువ్వే రాశావుగా. తెచ్చుకుని ఏం చేసుకోను?”

“అవును, పాడవలేదు. అందుకేగా తీసుకెళ్లమంది!”

“పాడనిదాన్ని ఇంట్లో పెట్టుకుని ఏడవమంటావా?”

“పాడవకపోతే సంతోషించాలి గానీ ఏడుపెందుకు? నేనెక్కడా చూళ్లేదమ్మా ఇలాంటి మనిషిని!”

మా మాస్టరు కత్తెర పక్కన పెట్టేశాడు. “మీరిద్దరూ ఒకే టేపు గురించేనా పోట్లాడుకునేది?”

నేను సూదిపెట్టె బోర్లించి, చీటీ తీసి అతని చేతిలో పెట్టాను. “చదువు.” అతను మామూలు కంటితో ఒకసారి, అద్దం కంటితో ఒకసారి చదివాడు. మొహం మారిపోయింది.

“ఇందులో ‘వ’ ఏదీ?”

“నన్నడుగుతావేం? నువ్వు రాసిందేగా.”

“పాడవలేదని రాశానక్కా. చెడిపోలేదు, బాగుందని. ఒట్టు. ‘వ’ రాసినట్టే గుర్తు.”

“మింగేసి ఉంటావు,” అన్నాడు మాస్టరు.

“మా ఆవిడా ఇదే అంటుంది, మాటల్లో సగం మింగుతావని. రాతలోనూ మింగుతానని తెలీదు.” బల్ల మీద గుడ్డలకి గుర్తులు పెట్టే సుద్ద ఉంటే తీసుకుని, ఆ చీటీలో ‘పాడ’కీ ‘లేదు’కీ మధ్య ఇంత ‘వ’ పెట్టి నాకిచ్చాడు. “ఇప్పుడు చదువక్కా.”

వేలు పెట్టి చదివాను. పా, డ, వ, లే, దు. నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆ గుడ్డపీలికల్లో కూర్చుండిపోయి ఏడ్చాను. ఎనిమిది నెలల్లో అలా ఏడవలేదు. మాస్టరు మిషన్ ఆపేసి కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత, “పోమ్మా, ఇవాళ్టికి ఏ చొక్కాకీ కాజాలొద్దు,” అన్నాడు.

గోడౌన్‌కి వెళ్లి మీ నాన్నని తీసుకొచ్చాను. కొట్లో చోటు లేక ఆయన బయట తాళాలవాడి పెట్టె మీద ఆనుకుని నిలబడ్డారు. భూతద్దం నన్ను స్టూలు మీద కూర్చోబెట్టాడు. “మొదట కాస్త విని ఆపేశానక్కా, ఇంటి మాటలు నాకెందుకని,” అన్నాడు. మీట నొక్కి, తను రోడ్డు మీదికి వెళ్లిపోబోతే నేనే ఆపాను. ఇన్ని చిక్కులు తీసినవాడు బయట ఉండటమేంటి.

ముందు గాలి హోరు. తర్వాత దగ్గు. తర్వాత, “అన్నయ్యా, ఇది నేను,” అంది.

అలాగే అంది నాన్నా, తలుపు తట్టి పిలిచినట్టు. నువ్వు వింటావు కాబట్టి అంతా రాయను, కొంచెమే రాస్తాను.

“కార్డు చూసి మొహం మాడ్చుకుని కూర్చునుంటావు. ‘ఇక నీకు రాయను’ అని చదివి, అయిపోయింది, చెల్లికి కోపమొచ్చేసింది అనుకునుంటావు. మొద్దువి కదా. వేళ్లు అరటికాయల్లా వాచాయిరా అన్నయ్యా. కలం నిలబడట్లేదు. ‘ఇక నీకు రాయను, మాట్లాడతాను’ అని రాద్దామనుకున్నా. పొద్దున మొదలెడితే ‘రాయను’ దగ్గరికి వచ్చేసరికి నాన్న బయల్దేరే వేళయింది. సగం కార్డే ఇచ్చేశా. సగం చదివి మొత్తం ఏడ్చే రకానివి నువ్వు, అందుకే ఇది.”

నా గుండెల మీద ఎవరో కూర్చుని లేచి వెళ్లినట్టయింది. మనింటికి వచ్చే చీటీలూ, మనింటి నుంచి వెళ్లే కార్డులూ అన్నీ సగం సగమే కాబోలు.

ఇంకా ఏమందో విను. “నువ్వు రాలేదని కోపం రాలేదంటే అబద్ధం. వచ్చింది. పొద్దున అన్నం మానేశా. సాయంత్రానికి ఆకలేసింది, కోపం పోయింది. నా కోపం సంగతి తెలిసిందేగా, ఆకలికి ఆగదు.” అది వినగానే బయట్నుంచి మీ నాన్న, “అవును, మానేసింది. సాయంత్రం రెండు పూటలదీ కలిపి తినేసింది,” అన్నారు, ఎవరో సాక్ష్యం అడిగినట్టు. మొన్నటిదాకా ఆ మనిషి రోజుకి పది మాటలు కూడా మాట్లాడలేదు. నిన్న దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నారు.

మధ్యలో నేనూ ఉన్నాను టేపులో. గిన్నెల చప్పుడు, నా గొంతు. “ఎవరితోనే మాట్లాడుతున్నావ్?” “అన్నయ్యతో.” “వాడెక్కడున్నాడే ఇక్కడ?” “ఇక్కడే ఉన్నాడమ్మా. నోరు మెదపట్లేదు, బుద్ధొచ్చినట్టుంది.”

ఇప్పుడు నా తప్పు. మంచినీళ్లు ఇంకోసారి తాగు.

చెల్లి పోయిన మూడో నెలలో, నీకు టేపు పంపేముందు ఒక్కసారి విందామని ఒక మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని బాణం గుర్తున్న బొత్తాం నొక్కాను. టేపు మధ్యలో ఎక్కడో ఉంది, మొదట్నుంచీ రాలేదు. దాని గొంతు వచ్చింది. రెండు మాటలు విన్నానో లేదో నా వల్ల కాలేదు. ఆపెయ్యాలి. మా షాపులో మిషన్ మోటార్లకి ఎర్ర బొత్తాం నొక్కితే ఆగుతుంది నాన్నా. పదిహేనేళ్లుగా అలాగే ఆపుతున్నాను. ఇక్కడా ఎర్రది ఉంది. నొక్కాను. దిగలేదు. చేతికి తగిలినవన్నీ నొక్కితే ఏదో టక్కున పైకి లేచింది, అప్పుడు ఎర్రది దిగింది. గొంతు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. చక్రాలు తిరుగుతూనే ఉన్నాయి, అదేంటో నాకేం తెలుసు? కాసేపటికి అవీ ఆగి, లోపల మోటారు ఒక్కటే గుయ్యిమంటోంది. అలాగే డబ్బాలో పెట్టి మూతేశాను.

తర్వాత ఒకరోజు మాటల్లో మా మాస్టరుని అడిగాను, టేపురికార్డరుకి ఎర్ర బొత్తాం ఎందుకని. “పాతది చెరిపి కొత్తది ఎక్కించడానికి,” అన్నాడు. ఆ రోజు నుంచీ నీకు సాకులూ, వాన కబుర్లూ రాయడం మొదలెట్టాను. నా కూతురి ఆఖరి మాటలు నా చేత్తోనే తుడిచేశానని ఎవరికి చెప్పను? మీ నాన్నకీ చెప్పలేదు. ‘పాడలేదు’ అన్న చీటీ చూసినప్పుడు నేనెందుకు కూలబడ్డానో ఇప్పుడు అర్థమైందా?

నిన్న కొట్లో అందరూ నవ్వుతూ వింటుంటే నేనొక్కదాన్నే ఆ చోటు ఎప్పుడొస్తుందా అని స్టూలు అంచు పట్టుకు కూర్చున్నాను. వచ్చింది. “అన్నయ్యా, ఇప్పుడు నవ్వకుండా విను. నీకు ఒక్క మాట చెప్పాలి. నేను గనక...” అంది. టక్. ఆ తర్వాత చిట్టెలుక గొంతుతో ఎవరో, “ఆగు తల్లీ, కాసేపాగు, నా వల్ల కావట్లేదు,” అంటున్నారు. అది నేనే. భూతద్దం ఫక్కున నవ్వబోయి నా మొహం చూసి ఆగిపోయాడు. అప్పుడు చెప్పేశాను, ఇద్దరి ముందూ, ఎర్ర బొత్తాం సంగతంతా.

అతను అద్దం తీసేశాడు. అతని రెండు కళ్లూ ఒకేలా ఉండటం మొదటిసారి చూశాను. “అక్కా, ఆ బెల్టు ఆ రోజు తెగబట్టి సరిపోయింది. లేకపోతే ఆ వైపు చివరిదాకా తుడిచిపెట్టుకుపోయేది. జారుతూ నెమ్మదిగా తిరిగింది కాబట్టే నీ గొంతు ఎలుకలా వచ్చింది, పోయింది కూడా అర నిమిషమే. ఇన్నేళ్లలో చెడిపోయి మేలు చేసిన బెల్టు ఇదొక్కటే చూశాను.”

మీ నాన్న ఏమంటారోనని తలెత్తలేదు. ఆయన లోపలికి వంగి, “అయిదు నెలలు ఇదా నువ్వు మోసింది?” అన్నారు. అంతే. నా భుజం మీద చెయ్యి వేసి తియ్యలేదు.

అర నిమిషం పోయింది నాన్నా. నీకు చెప్పాలనుకున్న ఆ ఒక్క మాట నేనే చెరిపాను. అదేంటో ఇంక ఎవరికీ తెలీదు. నన్ను తిట్టుకుంటే తిట్టుకో, మనసులో పెట్టుకోకుండా రాసెయ్యి.

ఈ ఉత్తరంతోపాటు పార్సిల్లో టేపురికార్డరూ, లోపల టేపూ ఉన్నాయి. ఈ టేపు నకలు. అసలుది ఇక్కడే ఉంచమన్నాడు భూతద్దం, పోస్టులో ఏది ఎక్కడికి పోతుందో తెలీదని. బ్యాటరీలు విడిగా కట్టాను, విన్నాక మళ్లీ తీసెయ్యి. వెల్డింగు మిషన్ ఛాయలకి తీసుకెళ్లకు, అయస్కాంతం తగిలితే టేపు మూగబోతుందట. మందపాటి గుడ్డతో తొడుగు కుట్టాను. బొత్తాలన్నిటికీ కాజాలు తీశాను, వేలు పెట్టి నొక్కుకోవచ్చు. ఎర్రదానికి మాత్రం తియ్యలేదు. దాని మీద రెండు పొరలేసి కుట్టేశాను. నువ్వు తెలివైనవాడివే, కానీ నా కొడుకువి కూడా కదా.

ఇంకొక్కటి, ఇది మాత్రం జాగ్రత్తగా చదువు. నా ఎలుక గొంతు అయిపోగానే మళ్లీ చెల్లి వస్తుంది. “సరేనా? ఒట్టేసి చెప్పు. నువ్వు సరే అనేదాకా ఇలాగే కూర్చుంటా,” అంటుంది. అని నిజంగానే ఊరుకుంటుంది. ఏమీ వినపడదు. గడియారం చప్పుడూ, దూరంగా నా కుట్టుమిషనూ, అంతే. నిన్న కొట్లో మాకెవరికీ ఏం చెయ్యాలో తోచలేదు. ఏం అడిగిందో తెలిస్తేగా. మీ నాన్న మాత్రం బయట్నుంచి, “సరేనే తల్లీ,” అన్నారు. గట్టిగా అన్నారు, తాళాలవాడు తలెత్తి చూసేటంత గట్టిగా. ఆయన మాట ఇంకా పూర్తి కాలేదు, టేపులో చెల్లి, “హమ్మయ్య. విన్నాను,” అంది.

నువ్వు విన్నప్పుడూ ఆ ఖాళీ వస్తుంది. పది అంకెలు లెక్కపెట్టేంత కూడా ఉండదు. ఏం అడిగిందో అని ఆలోచిస్తూ కూర్చోకు. దాని హమ్మయ్య వచ్చేలోపు నువ్వు సరే అనెయ్యి. పక్కన ఎవరున్నా సిగ్గుపడకు, దానికి వినపడేలా అను.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ